దూరపు గురికి చాసిస్ ఎంపిక: కొలత ఎవరిది?

పల్నాడు అనగానే బయటివారికి ముందుగా గుర్తుకొచ్చేది యుద్ధమే. పన్నెండవ శతాబ్దంలో కారెంపూడి దగ్గర జరిగిన పోరు సంగతి మన పాఠకులకు నేను కొత్తగా చెప్పనక్కర లేదు. ఆనాటి వీరుల ఆయుధాలను కొణతాలని పిలిచి, ఏటా కార్తీకంలో ఈనాటికీ కొలుచుకుంటూనే ఉన్నాం. ఆ పైన ఊళ్ళ కక్షల మూలంగా మరో రకం పేరు కూడా మన ప్రాంతానికి పడింది. అంచేత ఈ సంచికకు రైఫిలు మీద వ్యాసం రాస్తున్నానని చెప్పగానే మా స్టాఫ్ రూములో ఒకాయన, "మాస్టారూ, మన జిల్లాకు ఇదొక్కటే తక్కువైందా?" అన్నారు.

నేను చెప్పబోయే రైఫిలు కాగితం మీద గీసిన వలయాలను తప్ప మరి దేన్నీ కొట్టని రైఫిలు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిలులో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చింది అలాంటి దానితోనే. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు కుర్రవాడు ధనుష్ శ్రీకాంత్ బంగారు పతకం గెలిచిందీ ఆ అంశంలోనే. 2024 పారిస్‌లో మహారాష్ట్రకు చెందిన స్వప్నిల్ కుసాలే యాభై మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం సాధించాడు. ఈ ఆటలో ఎదుటి మనిషి ఉండడు. ఉన్న ప్రత్యర్థి తన ఊపిరి, తన గుండెచప్పుడు, తన తొందరపాటు. పల్నాటి పౌరుషానికి ఇంతకన్నా మంచి వ్యాయామం ఉంటుందనుకోను.

నేను మెకానికల్ శాఖలో పాఠం చెప్పేవాణ్ణి. చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి. కాడెట్‌ను; ఆ తర్వాత క్లబ్బు రేంజిలో కాగితాలకు చిల్లులు పెట్టే అలవాటు మానలేదు. ఏటా క్యాంపు నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు నా దగ్గరకు ఫోను పట్టుకొని వస్తారు. అందులో ఎముకలగూడులా ఉండే నల్లటి లోహపు రైఫిలు బొమ్మ ఒకటి. "సార్, చాసిస్ వేస్తే గురి కుదురుతుందా? ఏది మంచిది?" అని అడుగుతారు. వారికి విడివిడిగా చెబుతూ వచ్చిన మాటల్ని ఒకచోట పెట్టడమే ఈ వ్యాసం పని.

చాసిస్ అంటే ఏమిటి?

లారీ కొన్నవారికి ఈ మాట చెప్పక్కర్లేదు. కంపెనీ నుంచి వచ్చేది ఇంజనూ చాసిస్సూ. బాడీ మనం విజయవాడ ఆటోనగర్‌లో కట్టించుకుంటాం. బరువంతా మోసేది చాసిస్. బాడీకి రంగులు ఎన్ని వేసినా, చాసిస్ వంకర పోతే లారీ రోడ్డు మీద అడ్డంగా నడుస్తుంది.

రైఫిలులోనూ అంతే. గుండును పేల్చి పంపే యంత్రం మొత్తం రెండు ముక్కల్లో ఉంటుంది. ఒకటి గొట్టం, అంటే బ్యారెల్. రెండవది బోల్టు నడిచే ఉక్కు పెట్టె, దాన్ని యాక్షన్ అంటారు. ఈ రెండూ మరల మీద ఒకటిగా బిగిసి ఉంటాయి. వీటిని మోసి, మనిషి భుజానికీ బుగ్గకూ చేతికీ కలిపేదే మడమతో కూడిన కర్ర. పాతకాలంలో అది నిజంగానే కర్ర. ఆ కర్ర స్థానంలో అల్యూమినియంతో మలిచిన అస్థిపంజరాన్ని పెట్టి, పిడి, మడమ, బుగ్గదిమ్మ వంటివి దానికి విడివిడిగా బిగించి, జరుపుకోవడానికి వీలుగా చేస్తే అది చాసిస్.

కాబట్టి చాసిస్ చేసే పనులు మూడే. మొదటిది, యాక్షన్‌ను ప్రతి గుండుకూ అదే చోట, అదే బిగువుతో పట్టి ఉంచడం. రెండవది, మనిషి శరీరానికి రైఫిలును సరిపెట్టడం. మూడవది, నేల మీదో, సంచి మీదో, బల్ల మీదో రైఫిలు కదలకుండా ఆనేలా చూడడం. గుండును వేగంగా పంపడం దాని పని కాదు. గాలిని చదవడం అసలే కాదు. ఈ మూడు పనుల్లో మనకు ఏది కొరతగా ఉందో తెలుసుకోకుండా చాసిస్ కొనడం, జబ్బు తెలియకుండా మందు కొనడంలాంటిది.

కొయ్య చేసే అల్లరి

మన కాడెట్లకు బాగా ఎరుకైన పేరు .303. అది లీ ఎన్‌ఫీల్డ్ వంశానికి చెందిన రైఫిలు. బ్రిటిషు సైన్యం 1895లో ఆ వంశాన్ని చేపట్టింది. పశ్చిమ బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారంలో మన దేశంలోనే వాటిని తయారు చేశారు. దాని ముందు కర్ర గొట్టం పొడవునా సాగి, మూతి దగ్గర గొట్టాన్ని కింద నుంచి కొద్దిగా పైకి నెడుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి సరిగ్గా ఉన్నన్నాళ్ళు రైఫిలు చక్కగా కొడుతుంది. వానాకాలంలో కర్ర తేమ పీల్చి ఉబ్బినా, వేసవిలో ఎండి ముడుచుకున్నా ఆ ఒత్తిడి మారిపోతుంది. మనిషి అదే, గుండు అదే, గురి మాత్రం నిన్నటి చోట ఉండదు.

ఇది ఎంత మారితే ఎంత నష్టం? చిన్న లెక్క వేద్దాం. గొట్టం పొడవు 60 సెంటీమీటర్లు అనుకోండి. దాని మూతి 0.06 మిల్లీమీటరు, అంటే ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం, పక్కకు జరిగిందనుకోండి. పొడవులో అది పదివేలవ వంతు. అదే వంతున 300 మీటర్ల దూరాన 3 సెంటీమీటర్లు, 1000 మీటర్ల దూరాన 10 సెంటీమీటర్లు గుండు పక్కకు పోతుంది. అంతర్జాతీయ 300 మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం మొత్తం 10 సెంటీమీటర్లే. కేంద్రం నుంచి అంచుకు 5. వెంట్రుకంత తేడాకే మూడు పోయాయి. ఇక షూటరు తప్పుకు మిగిలింది రెండు.

అందుకే దూరపు రైఫిళ్ళలో గొట్టాన్ని దేనికీ తగలకుండా గాలిలో వదిలేస్తారు. యాక్షన్ ఒక్కటే బిగిసి ఉంటుంది, గొట్టం దాని నుంచి చూరుకర్రలా ముందుకు సాగి ఉంటుంది. కర్ర మడమ ఉన్న రైఫిలులో కూడా మరలు దిగే చోట లోహపు గొట్టాలు దింపి, యాక్షన్ కూర్చునే పడకను ఎపాక్సీ లప్పంతో పోతపోసి ఇదే ఫలితం రాబట్టవచ్చు. మంచి పనివాడు అలా అమర్చిన కర్ర, మామూలు చాసిస్‌కు ఏమీ తీసిపోదు. ఈ సంగతి అమ్మేవారు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

లోహం ఎలా వచ్చింది?

లోహపు అస్థిపంజరం ఆలోచనకు ఊపు తెచ్చినవారిలో బ్రిటన్‌కు చెందిన మాల్కమ్ కూపర్ ఒకరు. ఆయన 1984 లాస్ ఏంజెలస్‌లోనూ, 1988 సియోల్‌లోనూ యాభై మీటర్ల మూడు భంగిమల రైఫిలు పోటీలో వరసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. 1978లో మిత్రులతో కలిసి అక్యూరసీ ఇంటర్నేషనల్ అనే సంస్థను మొదలుపెట్టారు. అప్పటికి బ్రిటిషు సైన్యం దూరపు గురికి వాడుతున్నది పాత లీ ఎన్‌ఫీల్డునే 7.62 మిల్లీమీటర్ల బోరుకు మార్చి తయారుచేసిన రైఫిలు. 1980ల మధ్యలో దాని స్థానంలోకి వచ్చిన ఎల్.96 ఈ సంస్థదే. అందులో యాక్షన్‌ను పొడవాటి అల్యూమినియం చట్రానికి జిగురుతోనూ మరలతోనూ అతికారు. బయటికి కనిపించే ప్లాస్టిక్ రెండు పక్కల తొడుగు మాత్రమే. పోటీ మైదానంలో పుట్టిన జ్ఞానం సైన్యానికి వెళ్ళి, మళ్ళీ అక్కడి నుంచి పోటీ మైదానానికే తిరిగొచ్చింది. నేటి చాసిస్‌లలో చాలావాటికి ఆ సంస్థ నమూనా మ్యాగజైనే పడుతుంది.

మన వర్క్‌షాపులో గుండ్రటి షాఫ్టును కొలవాలంటే దాన్ని వి-బ్లాకులో పెడతాం. ఎందుకు? ఎన్నిసార్లు తీసి పెట్టినా షాఫ్టు అవే రెండు గీతల మీద వచ్చి కూర్చుంటుంది కనుక. గుండ్రటి యాక్షన్ ఉన్న రైఫిళ్ళకు చాసిస్ తయారీదారులు చేసేదీ అదే. లోపల వి ఆకారపు గాడి. దాని వెనుక, పేలుడు తన్నును ఆపే లగ్గు ఆనడానికి ఒక గోడ. లగ్గు ఆ గోడకు పూర్తిగా ఆని ఉండాలి. సందు ఉంటే ప్రతి గుండుకూ యాక్షన్ వెనక్కి జారి మళ్ళీ సర్దుకుంటుంది, దాంతో గురి చెదురుతుంది. మన విద్యార్థులు రెండవ ఏడాదిలో చదివే ఫిక్చర్ల పాఠం ఇక్కడ పనికొస్తుంది. ఆ పాఠం పరీక్షకే కాదని తెలియడానికైనా ఒకసారి చాసిస్ విప్పి చూడాలి.

కొలత మనిషిది

ఇక అసలు సంగతికి వస్తాను. మా కాడెట్లలో ఒక అమ్మాయి ఉండేది. ఎత్తు అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ. క్యాంపులో ఇచ్చిన .22 రైఫిలు మడమ ఆమె చేతికి పొడుగు. భుజాన ఆనించి మీటను అందుకోవాలంటే మెడ సాచి, భుజం ముందుకు నెట్టాల్సి వచ్చేది. గుండ్లు ఎడమకూ కుడికీ చెదిరాయి. "షూటింగ్ నీ వల్ల కాదమ్మా" అని ఎవరో అనేశారు. ఆ వారంలోనే క్లబ్బులో ఎయిర్ రైఫిలు మడమను రెండు వేళ్ళ మందం లోపలికి జరిపి, బుగ్గదిమ్మను ఎత్తి, ఆమె చేతికిచ్చాం. పది మీటర్ల దూరాన అయిదు గుండ్లు రూపాయి బిళ్ళ కింద దాగాయి. అమ్మాయి మారలేదు. మారింది కొలత.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. ఆనాటి లీ ఎన్‌ఫీల్డుకే నాలుగు కొలతల మడమలు ఉండేవి. పొడుగు, మామూలు, పొట్టి, మరీ పొట్టి. వాటి మీద ఇంగ్లీషు అక్షరం ముద్ర కొట్టేవారు. అంత పెద్ద సైన్యం సిపాయిని బట్టి మడమ ఇవ్వాలనుకున్నది. మన రైతు సంగతి చూడండి: నాగలి చేయించేటప్పుడు వడ్రంగి మేడి ఎత్తును దున్నేవాడి నడుమును చూసి పెడతాడు. పొట్టివాడికి పొడుగు మేడి ఇస్తే సాలు వంకర పోతుంది, నడుమూ పోతుంది. రైఫిలు మడమకు ఆ పాటి మర్యాద దక్కకపోవడం అన్యాయం.

చాసిస్‌లో అన్నిటికన్నా విలువైన గుణం ఇదే: జరుపుకొనే వీలు. ఎంచుకునేటప్పుడు నాలుగు చోట్ల చూడాలి.

ఒకటి, మడమ నుంచి మీట వరకు పొడవు. మోచేతిని మడిచి, మోచేతి మడత నుంచి చూపుడువేలు మొదటి కణుపు వరకు కొలిస్తే సుమారు అంకె వస్తుంది. అది ప్రారంభానికే, తర్వాత పడుకునే, కూర్చునే, నిలబడే భంగిమను బట్టి మార్చుకోవాలి. కాబట్టి పొడవు తగ్గే, పెరిగే హద్దులు ఎంతెంతో ముందే అడగాలి.

రెండు, బుగ్గదిమ్మ ఎత్తు. దూరపు రైఫిలు మీద పెద్ద టెలిస్కోపు ఉంటుంది కాబట్టి కన్ను ఎత్తులో ఉండాలి. బుగ్గ ఆనకుండా గడ్డం ఆనితే తల ఊగుతుంది. బోల్టు వెనక్కి లాగినప్పుడు బుగ్గదిమ్మకు తగలకూడదు. ఈ చివరి మాట చాలామంది మరచిపోతారు.

మూడు, పిడి. చూపుడువేలు మీట మీద అడ్డంగా, గొట్టానికి లంబంగా రావాలి. చిన్న చేతికి లావు పిడి ఇస్తే వేలు కొసతో లాగాల్సి వచ్చి గురి పక్కకు పోతుంది. పిడి విడిగా మార్చుకునే వీలున్న చాసిస్ మేలు.

నాలుగు, ఎడమచేతి వాటం. ఎడమచేతి వారికి ఎడమ యాక్షన్, దానికి సరిపడే చాసిస్ ఉంటాయి. "సర్దుకుంటాంలే" అనుకోవద్దు.

అమరిక కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రైఫిలు ఖాళీ అని ఇద్దరు చూసి, బోల్టు తెరిచి, మూతి లక్ష్యం వైపే ఉంచి రేంజిలో చెయ్యాలి. కళ్ళు మూసుకొని రైఫిలు వెనుక పడుకోండి, బుగ్గ ఆనించండి, రెండుసార్లు ఊపిరి వదలండి, కళ్ళు తెరవండి. టెలిస్కోపులో నిండు వృత్తం కనిపించాలి. అంచున నల్లటి నెలవంక కనిపిస్తే బుగ్గదిమ్మో మడమో మార్చాలి. గురిగీత లక్ష్యం మీద కాక పక్కన ఉంటే చేతులతో లాగకుండా ఒళ్ళంతా జరిగి పడుకోవాలి. ఇలా పదిసార్లు లేచి పడుకొని చూడండి. పదిసార్లూ ఒకే దృశ్యం కనిపిస్తే ఆ రైఫిలు మీది. చాసిస్ మీద ఎవరి పేరు చెక్కి ఉన్నా, ఈ పరీక్షలో తప్పితే అది మీది కాదు.

ఏ పోటీకి?

పెళ్ళిబండికీ, బండలాగుడు పోటీకీ ఒకే ఎడ్లను కట్టం గదా. రైఫిలు పోటీల్లోనూ అలాగే.

పది మీటర్ల ఎయిర్ రైఫిలులో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. రైఫిలు బరువుకు 5.5 కిలోల హద్దు. నిలబడి కొట్టాలి కాబట్టి బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం. ఈ రైఫిళ్ళకు లోహపు చట్రం ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. విడిగా చాసిస్ కొనే పని లేదు.

యాభై మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు. మోకాలి మీద, పడుకొని, నిలబడి మూడు భంగిమలకూ మడమ, బుగ్గదిమ్మ మార్చుకోవాలి. గుర్తులు చెక్కి, లెక్కపెట్టి జరిపే వీలున్న చట్రం కావాలి.

కెనడా షూటరు జార్జ్ ఫార్కర్సన్ వయసు మీదపడ్డవారి కోసం మొదలుపెట్టగా, ఆయన పేరు మొదటి అక్షరంతో ఎఫ్ క్లాసు అని పిలిచే పోటీ ఉంది. వెయ్యి గజాల దాకా పడుకొని, ఆధారం మీద రైఫిలు పెట్టి కొడతారు. రెండు కాళ్ళ స్టాండు వాడే విభాగంలో అన్నీ కలిపి 8.25 కిలోలు, ఓపెన్ విభాగంలో 10 కిలోలు హద్దు. ఇక్కడ ముందు భాగం వెడల్పుగా, బల్లపరుపుగా ఉండి, మడమ అడుగు సంచి మీద తిన్నగా వెనక్కి జారాలి. మడమ అడుగు ఏటవాలుగా ఉన్న చాసిస్ ఇక్కడ ఇబ్బంది పెడుతుంది.

ఇక గోడ మీద, నిచ్చెన మీద, టైరు మీద ఆనించి గడియారంతో పోటీపడి కొట్టే ప్రిసిషన్ రైఫిలు పోటీలు విదేశాల్లో బాగా పెరిగాయి. అక్కడ రైఫిలు తూకం మ్యాగజైనుకు కాస్త ముందు కుదరాలి, అడుగున పొడవాటి పట్టీ ఉండాలి, ముందు భాగానికి అదనపు బరువులు కట్టే వీలుండాలి.

ఏ పోటీకైనా వెళ్ళేముందు ఆ ఏటి నిబంధనల పుస్తకం చూసుకోవాలి. హద్దు దాటితే ఎంత మంచి చాసిస్ అయినా తూకం బల్ల దగ్గరే ఆగిపోతుంది.

బరువు, ఎండ, మరలు

"బరువెక్కువ చాసిస్ ఎందుకు సార్, మోయలేక చావడానికా?" అని ఒక కుర్రవాడు అడిగాడు. న్యూటన్‌నే జవాబు చెప్పమందాం. 10.9 గ్రాముల గుండు సెకనుకు 800 మీటర్ల వేగంతో వెళితే దాని ద్రవ్యవేగం 8.7 యూనిట్లు. పొగ సంగతి పక్కన పెడితే, అంతే ద్రవ్యవేగం రైఫిలు వెనక్కి తీసుకోవాలి. 4 కిలోల రైఫిలు సెకనుకు 2.2 మీటర్ల వేగంతో భుజాన్ని తంతుంది, 8 కిలోలదైతే 1.1 మీటర్లు. వేగం సగమైతే తన్ను శక్తి కూడా సగమే. తన్ను తగ్గితే కన్ను టెలిస్కోపులోనే ఉండి, గుండు ఎక్కడ తగిలిందో తానే చూసుకుంటుంది. వేసిన గుండు ఎటు పోయిందో కళ్ళారా చూసినవాడే తర్వాతి గుండును సరిదిద్దుకోగలడు. కాగా .22కు తన్ను నామమాత్రం. అక్కడ బరువు నిలకడ కోసమే.

లోహం కదా, మారదు అనుకోవద్దు. మన రెంటచింతల 47 డిగ్రీలు దాటిన వేసవులు చూసిన ఊరు. ఎండలో పెట్టిన నల్లటి అల్యూమినియం మీద బుగ్గ ఆనించి చూస్తే తెలుస్తుంది. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 20 సెంటీమీటర్ల పొడవులో 25 డిగ్రీల వేడి పెరిగితే రెండిటి మధ్య తేడా 0.05 మిల్లీమీటరు పైచిలుకు. కర్రకూ దీనికీ భేదమేమంటే, కర్ర తేమకు ఎటు తిరుగుతుందో చెప్పలేం. లోహం చల్లారగానే మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. మనవంటి ఎండ ప్రాంతంలో బుగ్గదిమ్మ, పిడి, చేయి ఆనే భాగాలు లోహం కాక రబ్బరో ప్లాస్టిక్కో ఉన్న చాసిస్ ఎంచుకోవాలి. వంతు వంతుకూ మధ్య రైఫిలు మీద తెల్లటి గుడ్డ కప్పాలి.

మరలు బిగించడం చేతి అంచనాకు వదలకూడదు. చాలా అల్యూమినియం చాసిస్‌లకు 60 నుంచి 65 అంగుళ-పౌండ్లు, అంటే సుమారు 7 న్యూటన్-మీటర్లు చెబుతారు. మీ చాసిస్ తయారీదారు ఎంత చెబితే అంతే. టార్క్ రెంచి లేకుండా చాసిస్ కొనడం తక్కెడ లేకుండా పత్తి అమ్మడంలాంటిది.

కొనేముందు

యాక్షన్ ఏ కంపెనీది, పొడుగుదా పొట్టిదా, మరల మధ్య దూరమెంత, లగ్గు ఆకారమేమిటి అన్నవి ముందు రాసుకోవాలి. చాసిస్‌లు సాధారణంగా ఒక్కో యాక్షన్‌కు ఒక్కో రకంగా తయారవుతాయి. అమెరికా రెమింగ్టన్ 700 కొలతను అనుసరించిన యాక్షన్లకు ఎంపిక ఎక్కువ; మిగిలిన వాటికి తక్కువ. గొట్టం లావుకు ముందు భాగంలో ఖాళీ సరిపోతుందా, మ్యాగజైను దొరుకుతుందా, విడి భాగాలు దొరుకుతాయా అన్నది కూడా చూసుకోవాలి.

చట్టం సంగతి ఇంకా ముఖ్యం. .22 గానీ, అంతకన్నా పెద్ద బోరు గానీ 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోరాదు. ఆ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో విడి భాగాలు కూడా చేరాయి. అంచేత విదేశం నుంచి చుట్టంచేత పెట్టెలో తెప్పించుకుందామన్న ఆలోచన వద్దు. ముందుగా రాష్ట్ర రైఫిలు అసోసియేషనునూ, లైసెన్సు అధికారులనూ అడిగి, రాతపూర్వకంగా అనుమతి తెలుసుకొనే అడుగు వెయ్యాలి. మన ప్రాంతం నుంచి వెళ్ళినవాడి కాగితాలు మరింత శుభ్రంగా ఉండాలి.

ఖర్చు వరస కూడా చెబుతాను. ముందు శిక్షణ. తర్వాత మందుగుండు, అంటే సాధన. తర్వాత మంచి గొట్టం, మీట, టెలిస్కోపు. చాసిస్ ఆ తర్వాత. విదేశాల్లో మామూలు చాసిస్ అయిదారు వందల డాలర్లకు దొరుకుతుంది. పేరున్నవి వెయ్యి దాటుతాయి. రవాణా, సుంకం అదనం. ఆ డబ్బుతో ఏడాది సాధన చేసినవాడు, కొత్త చాసిస్ కొని నెలకోసారి రేంజికి వెళ్ళేవాణ్ణి తప్పకుండా ఓడిస్తాడు. మన పిల్లల్లో చాలామంది మిర్చి, పత్తి పండించే ఇళ్ళ నుంచి వచ్చినవారు. ధర పడిపోయిన ఏడు ఆ ఇంట్లో ఎలా ఉంటుందో మనకు తెలుసు. చాసిస్ కోసం అర ఎకరం అమ్మమని నాన్నను అడగకండి. ఎన్.సి.సి. ఉంది, తల్ సైనిక్ క్యాంపు ఎంపికలు ఉన్నాయి, జి.వి. మావలంకర్ పేరిట జరిగే అఖిల భారత పోటీ ఉంది, క్లబ్బు ఎయిర్ రైఫిలు ఉంది. అక్కడ మీ లెక్క బాగుంటే మెరుగైన పరికరం దగ్గరకు దారి దానంతటదే కనిపిస్తుంది.

అధ్యాపక మిత్రులకు, కాడెట్లను నడిపించేవారికి నా మనవి ఒక్కటే. పిల్లవాడి గుండ్లు చెదిరినప్పుడు మొదట వాడి గురిని తప్పుపట్టకండి. మెడ ఎలా ఉంది, మోచెయ్యి ఎక్కడ ఉంది, కన్ను టెలిస్కోపుకు అందుతోందా అని చూడండి. సరైన కొలత దొరికాక కూడా చెదిరితే అప్పుడు నేర్పండి. పరికరం కొలత సరిపోక వెనక్కి వెళ్ళిపోయిన పిల్లలను ఎవరూ లెక్కపెట్టరు. వారిలో ఎందరు మంచి షూటర్లో మనకు ఎన్నటికీ తెలియదు.

చాసిస్ గురి నేర్పదు. నేర్చిన గురిని ప్రతిసారీ అదే చోటికి తీసుకువచ్చి నిలబెడుతుంది. అందువల్ల మొదట మనిషికి కొలవాలి, తర్వాత పోటీకి కొలవాలి, చివరికి డబ్బు సంచికి కొలవాలి. ఈ వరస తప్పకుండా ఎంచుకున్నవారికి ఏ చాసిస్ అయినా కలిసి వస్తుంది. వచ్చే సంచిక నాటికి మన కళాశాల కాడెట్ ఒకరి లక్ష్యపు కాగితం, నడిమధ్య చిల్లులతో, నోటీసు బోర్డు మీద చూడాలని నా కోరిక.